మిర్రర్‌లెస్ కొనాలా, జేబు కెమెరా చాలా? కొనేముందు ఇంట్లోనే తేల్చుకోండి

కెమెరా షాపుకి వెళ్ళకముందే, రివ్యూ వీడియోలు చూడకముందే, మీ ఫోన్‌లో గ్యాలరీ తెరవండి. చివరిగా తీసిన రెండు వందల ఫొటోలు ఒక్కొక్కటీ చూస్తూ వెళ్ళండి. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసుకోండి. వెలుతురు చాలక పాడైన ఫొటోకి మొదటి గడిలో గీత. మనిషో పక్షో దూరంగా ఉండి చుక్కలా పడితే రెండో గడిలో. కదలిక వల్ల చెదిరిపోతే మూడో గడిలో. ఇబ్బంది లేకుండా బాగా వచ్చినవన్నీ నాలుగో గడిలో. అరగంట పని. ఇంత డబ్బు పెట్టే ముందు ఈ అరగంట కన్నా నమ్మకమైన సలహా నాకు తెలియదు.

మొన్న సంక్రాంతికి మా మరిది ఇక్కడే చెన్నైలో, పెరంబూరు నుంచి వచ్చి, "వదినా, మిర్రర్‌లెస్ కొనాలనుకుంటున్నా, పక్షుల ఫొటోలు తీయాలి" అన్నాడు. ఇద్దరం భోజనాల బల్ల దగ్గర కూర్చుని అతని ఫోన్‌లో రెండు వందలూ లెక్కపెట్టాం. పక్షులు ఆరు. ఆ ఆరూ ఒకే రోజు పులికాట్‌లో తీసినవి. పిల్లలిద్దరివీ కలిపి తొంభై దాటాయి. వాటిలో సగానికి పైగా రాత్రిపూట ఇంట్లో, గుళ్ళో, పెళ్ళిపందిట్లో తీసినవి. ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నగా అయిపోయి ఉన్నాయి. చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ, "అయితే నాకు కావలసింది దీపాల వెలుతురులో పిల్లల్ని తీసే కెమెరా అన్నమాట" అన్నాడు. మోడల్ పేరు ఒక్కటి కూడా ఎత్తకుండానే సగం నిర్ణయం అయిపోయింది.

కాగితం వెనక వైపు ఇంకో గడి గీయండి. ఫోన్ చేతిలో ఉండి కూడా 'దీంతో రాదులే' అని మీరు తీయకుండా వదిలేసినవి గుర్తున్నంతవరకు అక్కడ రాయండి. గ్యాలరీ చూపించని సంగతి అది ఒక్కటే.

నాలుగో గడిలోనే నూట ఎనభై గీతలు పడ్డాయా? అయితే ఇప్పుడేమీ కొనకండి. మీ ఫోన్ మీకు సరిపోతోంది.

లెన్సు దగ్గర మొదలుపెట్టండి

పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో సెన్సార్ (వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే చిప్పు) ముందు ఒక అద్దం ఉండేది. లెన్సులోంచి వచ్చిన బొమ్మను అది పైకి, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లోకి మళ్ళించేది. ఆ అద్దాన్ని తీసేసి, సెన్సార్‌కి కనిపిస్తున్నదాన్నే నేరుగా తెర మీద చూపించే కెమెరా మిర్రర్‌లెస్. 2008లో పానసోనిక్ తెచ్చిన లూమిక్స్ జీ1తో ఈ రకం మొదలైంది. నిజానికి జేబు కెమెరాలోనూ అద్దం ఉండదు. కాబట్టి పేరు చూసి తేడా వెతకొద్దు. మిర్రర్‌లెస్‌కి లెన్సు విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు, జేబు కెమెరాకి ఉన్న లెన్సుతోనే కాపురం. మిగతా తేడాలన్నీ దాదాపు ఇక్కడి నుంచి పుట్టినవే.

దీన్నిబట్టి నేను అందరికీ చెప్పే మాట ఒకటుంది: రెండో లెన్సు కొనే ఉద్దేశం లేకపోతే మిర్రర్‌లెస్ కొనకండి. చాలామంది దీనికి ఒప్పుకోరు. సెన్సార్ పెద్దది కదా, పెట్టెలో వచ్చిన కిట్ లెన్సుతో కూడా ఫొటో బాగానే వస్తుంది కదా అంటారు. ఒకసారి లెక్క వేసి చూడండి.

చూరు కింద వాననీళ్ళకి గిన్నె పెట్టారనుకోండి. ఎన్ని నీళ్ళు పడతాయన్నది గిన్నె మూతి వెడల్పు మీదా, చూరు నుంచి కారే ధార మీదా ఆధారపడుతుంది. సెన్సార్ గిన్నె అయితే లెన్సు అపెర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ధార. అపెర్చర్‌ని ఎఫ్ నంబరుతో చెబుతారు. ఆ నంబరు చిన్నదయ్యేకొద్దీ ధార లావవుతుంది. సెన్సార్ వైశాల్యాన్ని ఎఫ్ నంబరు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యే, ఒకే షట్టర్ స్పీడ్‌లో (సెన్సార్ మీద వెలుతురు పడే సమయం) మీ ఫొటోకి దక్కే వెలుతురు.

మంచి జేబు కెమెరాల్లో చాలావాటికి 'ఒక అంగుళం' సెన్సార్ ఉంటుంది. పేరుకే అంగుళం, అసలు కొలత 13.2 × 8.8 మి.మీ., అంటే 116 చదరపు మి.మీ. కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3లో లెన్సు ఎఫ్ 1.8తో మొదలై, జూమ్ చివరికి ఎఫ్ 2.8 అవుతుంది. సోనీ ఆర్‌ఎక్స్100లో మూడో తరం, ఐదో తరం మోడళ్ళదీ ఇదే అపెర్చర్. 116ని 1.8 వర్గంతో, అంటే 3.24తో భాగిస్తే 36. జూమ్ చివర 15.

ఇప్పుడు మిర్రర్‌లెస్. మొదటిసారి కొనేవాళ్ళు ఎక్కువగా తీసుకునే ఏపీఎస్-సీ సెన్సార్ సుమారు 23.5 × 15.6 మి.మీ., అంటే 366 చదరపు మి.మీ. జేబు కెమెరా సెన్సార్‌కి మూడింతలకు పైనే. కానీ సోనీ ఏ6400తో వచ్చే 16-50 మి.మీ. కిట్ లెన్సు (ఈ మి.మీ. పెరిగేకొద్దీ దూరానిది దగ్గరగా కనిపిస్తుంది) ఎఫ్ 3.5తో మొదలై 5.6 దగ్గర ఆగుతుంది. 366ని 12.25తో భాగిస్తే 30. జూమ్ చివర 12. కెనాన్ ఆర్50తో వచ్చే 18-45 ఇంకా సన్నధార: మొదట్లో 16, చివర 8.

గిన్నె మూడింతలు పెద్దదే, ధారే సన్నబడిపోయింది. దీపావళి రాత్రి కాకరపువ్వొత్తి పట్టుకున్న పాప ముఖానికి, కిట్ లెన్సు బిగించిన మిర్రర్‌లెస్ కన్నా బాగా తక్కువ బరువున్న జేబు కెమెరాయే ఎక్కువ వెలుతురు పడుతుంది. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను నమ్మలేక మళ్ళీ వేశాను.

అదే మిర్రర్‌లెస్‌కి 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు బిగించండి. 366ని 3.24తో భాగిస్తే 113. జేబు కెమెరా బాగా వెనకబడింది. మిర్రర్‌లెస్ బలమంతా ఆ రెండో లెన్సులో ఉంది. అది కొనకుండా బాడీ (లెన్సు బిగించే కెమెరా భాగం) మాత్రమే కొనడం వీణ కొని తీగలు కొనకపోవడంతో సమానం.

జేబు కెమెరాలన్నీ ఒకటి కావు. ఆర్‌ఎక్స్100 ఏడో తరంలో జూమ్, ఫుల్ ఫ్రేమ్ (36 × 24 మి.మీ. సెన్సార్) లెక్కలో 24 నుంచి 200 మి.మీ. వరకు సాగుతుంది, కానీ లెన్సు ఎఫ్ 2.8తోనే మొదలవుతుంది. అంటే మొదట్లోనే 15. దూరం కొని వెలుతురు అమ్ముకున్నట్టు. ఇంకోవైపు రికో జీఆర్ 3 ఉంది. 257 గ్రాముల కెమెరాలో ఏపీఎస్-సీ సెన్సార్, ఎఫ్ 2.8 లెన్సు. లెక్క వేస్తే 47. కాకపోతే జూమ్ లేదు, 28 మి.మీ. దగ్గరే ఉంటుంది. దగ్గరగా కావాలంటే మీరే నాలుగడుగులు ముందుకు వెయ్యాలి. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100సిక్స్ (2024) లెన్సు ఎఫ్ 2, లెక్క 92. కానీ 521 గ్రాములున్నదాన్ని జేబు కెమెరా అనడం కష్టం.

తక్కువ ధరలో దొరికే చిన్న జూమ్ కెమెరాల జోలికి మాత్రం వెళ్ళొద్దు. వాటి సెన్సార్ 28 చదరపు మి.మీ. లెన్సు ఎఫ్ 3.3తో మొదలైతే లెక్క మూడుకి కూడా రాదు. మీ చేతిలో ఉన్న ఫోన్ దానికన్నా మెరుగు. పగటిపూట దూరం మాత్రమే కావాలనుకునేవాళ్ళకి తప్ప అది పనికిరాదు.

కందిపప్పు ప్యాకెట్ పరీక్ష

బరువు కాగితం మీద తెలియదు. ఏ6400 బాడీ, కిట్ లెన్సు కలిపి సుమారు 520 గ్రాములు. రెండో లెన్సు, ఇంకో బ్యాటరీ, మెత్తటి సంచీ కలిస్తే కిలో దగ్గరకొస్తుంది. కాబట్టి కిలో కందిపప్పు ప్యాకెట్ ఒకటి మీరు రోజూ తీసుకెళ్ళే బ్యాగులో వేసి వారం రోజులు తిరగండి. బీచ్-తాంబరం లోకల్లో నిలబడి వెళ్ళండి. పాండీబజార్‌లో బట్టలు కొనడానికి వెళ్ళండి. ఎండలో కాపాలీశ్వరుడి గుడి చుట్టూ తిరగండి. నాలుగో రోజుకి ప్యాకెట్ ఇంట్లో వదిలేశారా? అయితే కెమెరా కూడా ఐదో వారానికి బీరువాలోకి చేరుతుంది.

ఈ పరీక్ష నా సొంత అనుభవంలోంచి వచ్చింది. ఆరేళ్ళ కింద నేను మిర్రర్‌లెస్ కొన్నప్పుడు మొదటి రెండు నెలలు అన్నిచోట్లకీ తీసుకెళ్ళాను. తర్వాత పేరంటాలకి మానేశాను. చీర కట్టుకుంటే జేబు ఉండదు, చేతిలో ఉండేది ఒక చిన్న పర్సు. అందులో పట్టే కెమెరాయే పేరంటానికి వచ్చే కెమెరా. మా అత్తగారు బొమ్మల కొలువు ముందు కూర్చుని మంగళహారతి పాడుతున్న సాయంత్రం నా దగ్గర కెమెరా లేదు. ఆవిడ ఇప్పుడు లేరు. అందుకే బరువు సంగతి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మగవాళ్ళు ప్యాంటు జేబులో 300 గ్రాముల కెమెరా పట్టుకెళ్ళొచ్చు గానీ, వేసవిలో చెమట తగలకుండా చిన్న గుడ్డ సంచీలో పెట్టండి.

ఊళ్ళో జనం మధ్య తిరుగుతూ తీసే ఫొటోలకి చిన్న కెమెరాకి ఇంకో లాభం ఉంది. మైలాపూరులో పంగుణి నెల (మార్చి-ఏప్రిల్) అరవైమూడుగురు నాయనార్ల ఉత్సవానికి మాడవీధుల్లో చెయ్యి కదలనంత రద్దీ. పెద్ద కెమెరా ఎత్తితే జనం సర్దుకుని పోజు ఇస్తారు, లేదంటే ముఖం తిప్పేస్తారు. చిన్నదైతే పట్టించుకోరు. మార్గళి (ధనుర్మాసం) తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు పెడుతున్న పెద్దావిడ దగ్గరికి వెళ్ళినా అంతే. ముందు, "అమ్మా, ఒక ఫొటో తీసుకోనా?" అని అడగండి, తీశాక చూపించండి. చిన్న కెమెరా ఆవిణ్ణి భయపెట్టదు.

రంగస్థలం, పక్షులు: ఇక్కడ జేబు కెమెరా ఓడిపోతుంది

మీ కాగితంలో రెండో గడి, మూడో గడి నిండి ఉంటే ఈ భాగం మీకోసం.

వెంపటి చినసత్యంగారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన ఊరు ఈ చెన్నై. ఇక్కడి తెలుగు ఇళ్ళలో నాట్యం నేర్చుకునే పిల్లలకి కొదవలేదు, మా అమ్మాయి కూడా నేర్చుకుంటోంది. మొదటిసారి తరంగం చేసినప్పుడు ఎనిమిదో వరసలో కూర్చుని, ఒకళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్న జేబు కెమెరాతో తీశాను. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే ఇత్తడి పళ్ళెం అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. దాని మీద ఉన్న పాదాలు మాత్రం పొగలా కరిగిపోయాయి. షట్టర్ స్పీడ్ చూస్తే సెకనులో 60వ వంతు. నిలబడిన మనిషికి అది చాలు. అడుగు వేస్తున్న పాదానికి కనీసం 400వ వంతు కావాలి. అంటే ఆరేడు రెట్లు ఎక్కువ వెలుతురు. సభలో ఫ్లాష్ వాడటం నాట్యం చేసేవాళ్ళకి ఇబ్బంది, చూసేవాళ్ళకీ ఇబ్బంది. కాబట్టి ఆ వెలుతురు లెన్సులోంచే రావాలి.

ఇలాంటి చోట సిగ్మా 56 మి.మీ. ఎఫ్ 1.4 లాంటి లెన్సు కళ్ళు తెరిపిస్తుంది. సోనీ, నికాన్, కెనాన్ ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్‌లకి దొరుకుతుంది. ఐఎస్ఓ అంటే చాలని వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ ఫొటో గరుకవుతుంది. ఈ లెన్సుతో ఐఎస్ఓ 1600 దగ్గర వచ్చే ఫొటోకి, ఎఫ్ 2.8 దగ్గర ఆగిపోయే జేబు కెమెరాలో ఐఎస్ఓ 6400 పెట్టాలి. అదీ మూడోవంతు కన్నా చిన్న సెన్సార్ మీద. పట్టుచీర మీద జరీ, నుదుటి బొట్టు అన్నీ ఇసుక చల్లినట్టు అయిపోతాయి. పిల్లల నాట్యం, కచేరీలు, ఇండోర్ షటిల్ ఆటలు మీ జీవితంలో తరచూ ఉంటే, ఆలోచించకుండా మిర్రర్‌లెస్ తీసుకోండి.

చిన్న జాగ్రత్త. చప్పుడు రాకూడదని మిర్రర్‌లెస్‌లో ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే, వేదిక మీద ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోలో అడ్డంగా నల్లచారలు పడొచ్చు. మన కరెంటు సెకనుకి 50 సార్లు తిరుగుతుంది, కొన్ని లైట్లు దానికి రెట్టింపు, సెకనుకి వందసార్లు మినుకుమంటూనే ఉంటాయి. నాట్యం మొదలవకముందే రెండు ఫొటోలు తీసి చూసుకోండి. చారలు కనిపిస్తే మెకానికల్ షట్టర్‌కి మారండి, మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే అదీ ఆన్ చెయ్యండి. జేబు కెమెరాల్లో చాలావాటికి లెన్సులోనే ఆకుల్లా ముడుచుకునే షట్టర్ ఉంటుంది. దాని చప్పుడు పక్కవాళ్ళకి కూడా వినపడదు.

ఇక పక్షులు. నవంబరు నుంచి మార్చి దాకా వేడంతాంగల్, నేలపట్టు, పులికాట్ మనకి ఒక్క పూట ప్రయాణం. అక్కడ ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 400 మి.మీ. కన్నా తక్కువ లెన్సుతో వెళితే నిరాశే. 200 మి.మీ. జేబు జూమ్‌లో ఫ్లెమింగో బియ్యపుగింజంత కనిపిస్తుంది. మిర్రర్‌లెస్‌కి సోనీ 70-350, కెనాన్ 100-400 లాంటివి ఉన్నాయి, ఒక్కోటి 600 గ్రాములు దాటుతుంది. అయితే ఏడాదికి రెండుసార్లు వెళ్ళే పక్షుల కోసం అంత లెన్సు కొనాలా? కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం సినిమావాళ్ళు తిరిగే పేటలు. అక్కడ కెమెరాలు, లెన్సులు రోజువారీ అద్దెకిచ్చేవాళ్ళున్నారు. గుర్తింపు కార్డు, కొంత డిపాజిట్ అడుగుతారు. నన్నడిగితే పక్షులకి అద్దె, పిల్లలకి సొంతం.

అద్దె ఇంకో రకంగానూ పనికొస్తుంది. కొనాలనుకున్న మిర్రర్‌లెస్‌ని శని, ఆదివారాలు అద్దెకి తెచ్చి ఇంట్లో పెట్టుకోండి. సోమవారం పొద్దున తిరిగి ఇచ్చేటప్పుడు మీ మనసు ఏం చెబుతుందో అదే జవాబు.

షాపులో ఏం చూడాలి

అన్నాసాలై పక్కన రిచీ స్ట్రీట్‌కి వెళ్ళినా, పెద్ద షోరూముకి వెళ్ళినా, మీ సొంత ఎస్‌డీ కార్డు పట్టుకెళ్ళండి. షాపు కెమెరాలో వేసి ఫొటోలు తీయనివ్వమని అడగండి. అందరూ ఒప్పుకోరు గానీ అడగడంలో తప్పులేదు.

కెమెరాతో షాపు గుమ్మం బయటికి వచ్చి నిలబడండి. మధ్యాహ్నం అయితే మరీ మంచిది. చెన్నై ఎండలో వెనక తెర మీద ఏమన్నా కనిపిస్తోందా? జీ7ఎక్స్ మార్క్ 3, జీఆర్ 3 రెండింటికీ వ్యూఫైండర్ లేదు. మెరీనాలో పన్నెండు గంటలకి వాటితో తీయడం ఊహ మీద తీయడమే. ఆర్‌ఎక్స్100 ఏడో తరంలో పైకి లేచే చిన్న వ్యూఫైండర్ ఉంది. ఏ6400, ఆర్50లకి కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ ఉంది. మీరు చత్వారం కళ్ళజోడు వాడుతుంటే ఇది ఇంకా ముఖ్యం. వెనక తెరకి కళ్ళజోడు పెట్టుకోవాలి. వ్యూఫైండర్ పక్కన మీ కంటికి సరిదిద్దుకునే చిన్న చక్రం ఉంటుంది, తిప్పి చూడండి.

తర్వాత రోడ్డు మీద మీవైపు వస్తున్న ఆటోని వరసగా పది ఫొటోలు తీయండి. పసుప్పచ్చ ఆటో, ముందు నంబరు ప్లేటు. ఇంటికొచ్చి పెద్దది చేసి, పదింటిలో ఎన్నింటిలో నంబరు చదవగలుగుతున్నారో లెక్కపెట్టండి. కెమెరా ఆటోఫోకస్ గురించి ఏ ప్రకటనా చెప్పని నిజం అది చెబుతుంది. మళ్ళీ లోపలికి వచ్చి, షాపులో చీకటి మూల ఏదో చూసి అక్కడ నిలబడిన మీ మనిషి ముఖం తీయండి.

బ్యాటరీ గురించి ఒక్కమాట. చిన్న కెమెరాలో చిన్న బ్యాటరీయే పడుతుంది. జీఆర్ 3 ఒక చార్జికి సుమారు 200 ఫొటోలు తీస్తుంది. పెళ్ళికి వెళితే రెండో బ్యాటరీ తప్పదు, ధరలో ముందే కలుపుకోండి. వీడియోయే మీ ముఖ్యమైన పని అయితే మైకు పెట్టుకునే రంధ్రం ఉందో లేదో చూడండి, మిగతా సంగతి తర్వాత.

డబ్బు ఎలా పంచాలి

ధరలు పండగకోసారి మారతాయి కాబట్టి అంకెలు చెప్పను, పంపకం చెబుతాను. మిర్రర్‌లెస్ వైపు వెళితే మీ మొత్తంలో అరవై శాతం మించి బాడీకి, కిట్ లెన్సుకి పెట్టొద్దు. ముప్పై శాతం రెండో లెన్సుకి. మిగిలిన పది కార్డు, అదనపు బ్యాటరీ, కింద చెప్పబోయే డబ్బా. ఈ పంపకంలో రెండో లెన్సుకి డబ్బు మిగలట్లేదంటే, బాడీ ఒక మెట్టు తగ్గించండి. అప్పటికీ మిగలకపోతే ఆ మొత్తంతో మంచి జేబు కెమెరా తీసుకోండి, సంతోషంగా ఉంటారు. మీరు ముందే కొన్న లెన్సులు రేపు బాడీ మార్చినా పనికొస్తాయి. బాడీ పాతబడిపోతుంది, లెన్సు నిలుస్తుంది.

బిల్లు మీద సీరియల్ నంబరు ఉండాలి. బిల్లు లేకుండా తక్కువకి ఇస్తామంటే, అది బయటి దేశం నుంచి తెచ్చిన సరుకై ఉండొచ్చు. ఇక్కడి వారంటీ దానికి వర్తించదు.

సెకండ్ హ్యాండ్ లెన్సు కొంటే టార్చి తీసుకెళ్ళండి. నేను తీసుకెళ్ళలేదు. ఒక షాపులో 50 మి.మీ. లెన్సు బాగా తక్కువకి వచ్చింది, పైన గీత కూడా లేదు. ఇంటికొచ్చాక మా అమ్మాయి ఫోన్ టార్చి వెనక నుంచి వేసి, "అమ్మా, లోపల సాలెగూడు ఉంది" అంది. అది సాలెగూడు కాదు. గాజు అంచు నుంచి మధ్యకి పాకిన సన్నటి తెల్లని పోగులు, వేళ్ళలా చీలుతూ. ఫంగస్. ఫొటోలన్నీ పల్చటి మంచు తెర వెనక ఉన్నట్టు వచ్చాయి. షాపులో తిరిగి తీసుకోలేదు. మీరు కొనేటప్పుడు అపెర్చర్ పూర్తిగా తెరిచి, ముందు నుంచి, వెనక నుంచి, ఏటవాలుగా టార్చి వేసి చూడండి. ధూళి రేణువులు నాలుగు కనిపిస్తే ఫరవాలేదు. పోగులు ఒక్కటి కనిపించినా వదిలెయ్యండి.

సెకండ్ హ్యాండ్ జేబు కెమెరాకి ఇంకో పరీక్ష. పదిసార్లు ఆన్ చేసి ఆఫ్ చెయ్యండి. లెన్సు బయటికి వచ్చేటప్పుడు కరకరమని శబ్దం వస్తే లోపల ఇసుక ఉంది. లేత రంగు గోడనో, ఆకాశాన్నో ఎఫ్ 11 పెట్టి తీసి చూడండి. నల్ల మచ్చలు కదలకుండా ఒకే చోట ఉంటే సెన్సార్ మీద దుమ్ము. మిర్రర్‌లెస్‌లో అయితే లెన్సు విప్పి తుడిపించొచ్చు, జేబు కెమెరాలో మొత్తం విప్పాలి. అందుకే బీచ్‌కి ఎక్కువగా వెళ్ళేవాళ్ళు జేబు కెమెరాని ఇసుక మీద పెట్టకుండా, లెన్సు తెరిచి ఉంచి తిరగకుండా చూసుకోవాలి. మిర్రర్‌లెస్‌వాళ్ళు బీచ్‌లో లెన్సు మార్చకూడదు. కాశీమేడు రేవులో తెల్లవారుజామున చేపలు దింపేది తీయాలనుకుంటే, ఏ లెన్సు కావాలో ఇంట్లోనే బిగించుకుని బయల్దేరండి.

ఈ ఊరి గాలికి తగ్గట్టు దాచండి

బెంగళూరు స్నేహితులకి ఈ బాధ ఇంతగా ఉండదు. మనకి సముద్రం పక్కనే ఉంది, ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ ఎక్కువ. తేమ 60 శాతం దాటిన చోట, చీకట్లో, గాలి ఆడని చోట వదిలేసిన లెన్సుకి ఫంగస్ పడుతుంది. బీరువాలో, తోలు సంచీలో పెట్టడం దాన్ని పిలిచి కూర్చోబెట్టడమే. ఒక లెన్సుకి పడితే పక్కదానికీ పాకొచ్చు. మిర్రర్‌లెస్, నాలుగు లెన్సులు ఉన్నవాళ్ళకి ఈ పని నాలుగింతలు. ఏడాదికి పదిసార్లు మాత్రమే కెమెరా తీసేవాళ్ళు జేబు కెమెరా వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

గాలి దూరని మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి, అరకిలో సిలికా జెల్ (తేమ పీల్చే గింజలు), తేమ చూపించే చిన్న మీటరు కొనండి. సిలికా జెల్‌ని పల్చటి నూలుగుడ్డలో మూట కట్టి డబ్బాలో ఒక మూలన పెట్టండి. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపించాలి. బియ్యం డబ్బాలో పెట్టమని పెద్దవాళ్ళు చెబుతారు, వద్దు. బియ్యం పొడి లెన్సు సందుల్లోకి పోతుంది. నీలం గింజల సిలికా జెల్ తడి పట్టాక గులాబీ రంగుకి, నారింజ రంగుది ఆకుపచ్చకి తిరుగుతుంది. అప్పుడు పాత మూకుడులో పోసి సన్నసెగ మీద, రంగు తిరిగి వచ్చేదాకా కలుపుతూ వేడి చేసి, పూర్తిగా చల్లారాక మళ్ళీ కట్టండి. వంటకి వాడే మూకుడు మాత్రం తీయొద్దు.

ఏసీ గదిలోంచి తెల్లవారుజామున నేరుగా బయటికి వస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. గుడ్డతో తుడవకండి, మళ్ళీ కమ్ముతుంది. బయల్దేరే అరగంట ముందు కెమెరాని సంచీలో పెట్టి, జిప్పు వేసి, ఏసీ లేని హాల్లో ఉంచండి. సంచీ లోపల నెమ్మదిగా బయటి వేడికి అలవాటు పడుతుంది. బీచ్ నుంచి వచ్చిన రోజు బాడీని కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద గంటసేపు ఆరనిచ్చి అప్పుడు డబ్బాలో పెట్టండి. ఉప్పు అలాగే వదిలేస్తే స్క్రూల దగ్గర తుప్పు మొదలవుతుంది.

మా మరిది చివరికి ఎఫ్ 1.8 జేబు కెమెరాయే తీసుకున్నాడు. జనవరిలో నేలపట్టు వెళ్ళేటప్పుడు మిర్రర్‌లెస్, పొడుగు లెన్సు రెండు రోజులకి అద్దెకి తెచ్చుకుంటానన్నాడు. "ఈ డబ్బా అవసరమా వదినా, ఒక్క కెమెరాయే కదా" అన్నాడు. అవసరమే. జేబు కెమెరా లెన్సుకి ఫంగస్ పడితే విప్పి మార్చుకోవడానికి ఇంకో లెన్సు ఉండదు, కెమెరా మొత్తం పోతుంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోపే డబ్బా సిద్ధం చేసుకోండి. వానాకాలంలో నెలకొకసారైనా కెమెరా బయటికి తీసి, పొద్దుటి వెలుతురులో పది ఫొటోలు తీసి, మళ్ళీ లోపల పెట్టండి.